1930 హెల్ప్‌లైన్: జంకిన గంటలోనే డబ్బు దాటిపోతుంది

సైబర్ మోసంలో డబ్బు పోయినవాళ్ల కోసం కేంద్ర హోం శాఖ పెట్టిన 1930 సేవ మంచిదే. కానీ దాని బలమంతా తొలి గంట, రెండు గంటల్లోనే. ఆ కాస్త సమయాన్నీ చాలామంది "ఇంట్లో తెలిస్తే ఏమంటారో" అన్న జంకుతోనే పోగొట్టుకుంటున్నారు.

దొంగ సొమ్ము మొదటి ఖాతాలో నిలవదు. ముక్కలై మ్యూల్ ఖాతాలకు, అంటే కమీషన్ కోసం ఎవరో వాడుకోనిచ్చిన ఖాతాలకు పోతుంది. అక్కణ్నుంచి ఏటీఎంలో నగదవుతుంది. మీరు ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదు ఒక టికెట్‌గా నమోదై, డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది. సొమ్ము ఉంటే హోల్డ్ చేస్తారు, అంటే కదలకుండా ఆపేస్తారు; దాటిపోతే తర్వాతి బ్యాంకుకు పంపుతారు. నగదు తీసేశాక ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఫోన్ చేసేముందు బ్యాంకు పేరు, ఖాతా నంబరు, మొత్తం, సమయం, యూటీఆర్ (ఆ లావాదేవీ రిఫరెన్సు నంబరు) రాసి పెట్టుకోండి. యూపీఐలో యూటీఆర్ 12 అంకెలు. ఐదుసార్లు పోతే ఐదూ చెప్పాలి. కొన్ని యాప్‌లు తమ సొంత ట్రాన్సాక్షన్ ఐడీని పైన చూపిస్తాయి, కంగారులో దాన్నే చదివేస్తారు. అది కాదు, యూటీఆర్ కావాలి. లైన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ పోర్టల్‌ (cybercrime.gov.in)లోనే ఫిర్యాదు పెట్టేయండి. మీ బ్యాంకుకూ వెంటనే చెప్పాలి: 2017 నాటి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఓటీపీ మీరే చెప్పినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే.

1930 హెల్ప్‌లైన్‌లో అడిగేది లావాదేవీ వివరాలే. స్టేషన్‌లోనూ ఇంట్లోనూ మాత్రం "అంత ఆశెందుకు?" అన్న ప్రశ్నే ముందొస్తుంది. సమాజం ఎవరిని బాధితులుగా ఒప్పుకుంటుందో నార్వే నేరశాస్త్రవేత్త నీల్స్ క్రిస్టీ 1986లోనే విప్పి చెప్పారు. జబ్బుపడ్డ చెల్లెలికి సేవ చేసి పట్టపగలు ఇంటికొస్తున్న ముసలమ్మను బలిష్ఠుడు కొట్టి దోచుకుంటే సమాజం వెంటనే బాధితురాలిగా ఒప్పుకుంటుంది. లాభాల ఆశ చూపే నకిలీ ట్రేడింగ్ లింకు నొక్కినవాడికి ఆ గుర్తింపు దక్కదు. అందుకే అతను రాత్రంతా ఆలోచించి పొద్దున ఫోన్ చేస్తాడు. అప్పటికి ఖాతాలో ఏమీ ఉండదు. నా దృష్టిలో ఈ సేవకున్న అసలు అడ్డంకి ఇదే.

హోల్డ్ అయిందంటే డబ్బు చేతికొచ్చినట్టు కాదు. సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు, ఇది మెచ్చుకోదగ్గ పని.

ఒక లోపం మాత్రం బాధిస్తుంది. దొంగ సొమ్ముతో సరుకు కొంటే, అమ్మిన దుకాణదారు ఖాతాపైనా హోల్డ్ పడుతుంది. ఏ తప్పూ చేయని ఆయన బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని, ఫిర్యాదు నమోదైన వేరే రాష్ట్రం పోలీసులకు నిరూపించుకోవాలి.