నేలపట్టు, వీరాపురం: పక్షులకు రెండు తీరుల రక్షణ
తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్లపై గూళ్లు కడతాయి. 1976లోనే అభయారణ్యంగా ప్రకటించినందున చట్టబలమూ అటవీ సిబ్బందీ వాటికి అండ. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్యనున్న చింతచెట్లపైనే పిల్లలను పెంచుతాయి. వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకునే గ్రామస్థులు, గూటి నుంచి జారిపడిన పిల్లను చేరదీసి మేత పెడతారు. ఇంత దగ్గరి కాపలా ఏ శాఖకూ సాధ్యం కాదు కనుక నా మొగ్గు వీరాపురం వైపే. అయితే చుట్టుపక్కల చెరువులు ఎండితే కొంగలకు చేపలు దొరకవు, ఆ లోటు ఊరి ప్రేమతో తీరేది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ, గ్రామ ప్రతినిధులున్న కమిటీ నిర్వహించే సముదాయ రిజర్వులనే రక్షిత ప్రాంతాలకు వీలు కల్పించింది. వీరాపురంలోనూ పెత్తనం గ్రామస్థులకే వదిలి, చెరువులకు నీరందించే బాధ్యతను ప్రభుత్వం తీసుకోవాలి.