తెరమీద అమిష్ జీవితం: 'విట్‌నెస్' మేలా, 'డెవిల్స్ ప్లేగ్రౌండ్' మేలా?

అమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్లకీ ఆధునిక అమెరికాకీ మధ్య పేచీ ఏమిటో తెలుసుకోవాలంటే ఏ సినిమా చూడాలి? న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఉండే మనవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే అమిష్‌లు ఎక్కువగా ఉండే లాంకస్టర్ కౌంటీకి తీసుకెళ్లి గుర్రపు బగ్గీలు చూపిస్తుంటారు. అక్కడ కంటికి కనిపించేవి టోపీలు, గౌన్లు, బగ్గీలు. వాటి వెనక ఉన్న కట్టుబాటు మాత్రం కనిపించదు. కరెంటు తీగని ఇంట్లోకి రానివ్వకపోవడం, కారు కొనకపోవడం, ఫొటోకి నిలబడకపోవడం, ఎవరి మీదా చెయ్యెత్తకపోవడం అన్నీ అందులో భాగాలే. దాన్ని వాళ్లు 'ఆర్డ్‌నుంగ్' అంటారు. 1693లో యూరప్‌లో యాకోబ్ అమ్మన్ అనే మతపెద్ద వెనక తోటి క్రైస్తవుల నుంచి విడిపోయిన వర్గం ఇది. ఇప్పుడు సుమారు 4 లక్షల మంది ఉన్నారు. "నా బతుకు నా ఇష్టం" అనే అమెరికా పక్కనే, సంఘం మాటకి కట్టుబడి బతుకుతున్నారు. ఈ రెండింటి మధ్య ఘర్షణని ఏ సినిమా నిజాయితీగా చూపించిందన్నదే ఇక్కడ నా కొలత.

1985లో పీటర్ వియర్ తీసిన 'విట్‌నెస్' పైకి పోలీసు కథ. భర్త పోయిన అమిష్ యువతి రేచల్ చిన్న కొడుకుతో ప్రయాణంలో ఉండగా, ఫిలడెల్ఫియా రైల్వే స్టేషన్ బాత్‌రూమ్‌లో జరిగిన హత్యని ఆ పిల్లాడు చూస్తాడు. చంపినవాడు పోలీసే. కేసు పట్టుకున్న డిటెక్టివ్ జాన్ బుక్‌గా హారిసన్ ఫోర్డ్ నటించాడు. అతను తూటా దెబ్బ తిని, తల్లీకొడుకుల్ని వాళ్ల పొలానికి చేర్చి అక్కడే దాక్కుంటాడు.

ఈ సినిమా అనగానే అందరూ చెప్పేది ఊరంతా కలిసి ఒక్క రోజులో పెద్ద కొట్టం నిలబెట్టే సీను. మాటలు దాదాపు ఉండవు. సుత్తి చప్పుళ్లు, మారిస్ జార్ సంగీతం అంతే. అద్భుతమైన సీనే, కాదనను. కానీ అక్కడ ఘర్షణ లేదు. బుక్‌కి వడ్రంగం వచ్చు కాబట్టి వాళ్లలో కలిసిపోతాడు, అంతే.

నా దృష్టిలో సినిమాకి ప్రాణం వీధి గొడవ సీను. బుక్ ఫోన్ చేయడానికి టౌన్‌కి వెళ్తాడు. తన పార్ట్‌నర్‌ని చంపేశారని తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద కొందరు కుర్రాళ్లు డానియల్ అనే అమిష్ యువకుణ్ణి ఏడిపిస్తూ మొహానికి ఐస్‌క్రీమ్ పూస్తారు. డానియల్ కదలడు. ఇది మన పద్ధతి కాదని రేచల్ మామగారు ఈలై వారిస్తాడు. ఇది నా పద్ధతి అంటాడు బుక్, కొడతాడు. మన మాస్ సినిమాలో ఇంటర్వెల్ ఫైట్‌లాగే ఉంటుంది, ఈల వేయాలనిపిస్తుంది. ఇక్కడే వియర్ గొప్పతనం. ఆ కొట్లాట కబురు పోలీసుల చెవిన పడుతుంది. దాంతో హంతకులకి బుక్ ఆచూకీ దొరికిపోతుంది. మనం చప్పట్లు కొట్టిన ఆ దెబ్బే ఆ ఇంటి మీదికి తుపాకుల్ని రప్పిస్తుంది!

చివర్లో వాళ్లని ఆపేది ఏమిటి? పిల్లాడు గంట మోగిస్తాడు. పొలాల్లోంచి ఇరుగుపొరుగు వచ్చి నిలబడతారు. అంతమంది చూస్తుండగా ఎవర్ని కాల్చాలి, ఎంతమందిని కాల్చాలి? తుపాకీ ఉన్నవాడు ఓడిపోతాడు. ఆయుధం పట్టని వాళ్ల బలం ఏమిటో ఇంత సూటిగా చెప్పిన పోలీసు సినిమా నేను ఇంకొకటి చూడలేదు. అయితే ఆ గంటకి ముందు ఇద్దరు చచ్చిపోతారు, వాళ్లని చంపింది బుక్కే. హింస మజా ఇచ్చి, అహింస నీతి కూడా దక్కించుకుంది సినిమా. నాకు అది లోపమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫొటోలే వద్దనుకునే మనుషుల మీద ఈ సినిమా తీశారు. అమిష్ పెద్దలు వ్యతిరేకించారు, నటించడానికి రాలేదు. వాళ్లకి దగ్గర బంధువుల్లాంటి మెన్నొనైట్లలో కొందరు జనం సీన్లలో కనిపించారు. (మన జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపున్న మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చిలదీ అదే మూలం.)

ఇక 2002లో లూసీ వాకర్ తీసిన డాక్యుమెంటరీ 'డెవిల్స్ ప్లేగ్రౌండ్'. ఇండియానాలోని లగ్రాంజ్ కౌంటీ పిల్లలు ఇందులో ఉన్నారు. అమిష్‌లలో బాప్టిస్మం పెద్దయ్యాకే. దానికి ముందు పదహారేళ్ల నుంచి కొంత స్వేచ్ఛ ఉండే కాలాన్ని 'రమ్‌స్ప్రింగా' అంటారు. జీన్స్, కార్లు, బీరు పార్టీలు, కొందరికి డ్రగ్స్ కూడా. బాప్టిస్మం తీసుకోకుండా వెళ్లిపోతే వెలి ఉండదు. తీసుకున్నాక వెళ్తే మాత్రం వెలి తప్పదు. అందుకే ఆ నిర్ణయం అంత టెన్షన్. 'విట్‌నెస్'లో అమెరికా బయట నుంచి కారెక్కి వస్తుంది. ఇక్కడ అది పిల్లల మనసులోనే ఉంది. ప్రసంగాలు చెప్పే తండ్రి ఒకవైపు, డ్రగ్స్ ఇంకోవైపు, మధ్యలో నలిగే కుర్రాణ్ణి చూస్తే బాధేస్తుంది.

డాక్యుమెంటరీ కాబట్టి ఇదే ఎక్కువ నిజమని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. బాప్టిస్మం తీసుకున్నవాళ్లు కెమెరాకి దూరంగా ఉంటారు. కాబట్టి మొహం చూపించి మనసు విప్పేది ఎక్కువగా అంచున నిలబడ్డ పిల్లలే. రమ్‌స్ప్రింగాలో ఆదివారం సాయంత్రాలు పాటలు పాడుకుని ఇంటికెళ్లే పిల్లలూ ఎంతోమంది ఉంటారు, వాళ్లతో సినిమా నడవదు. ఎక్కువమంది చివరికి సంఘంలో ఎందుకు చేరతారన్న ప్రశ్నకి జవాబు ఇందులో సగమే దొరుకుతుంది.

'అమిష్ గ్రేస్' (2010) అనే టీవీ సినిమా సంగతీ చూడాలి. 2006 అక్టోబర్ 2న లాంకస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్ అమిష్ బడిలో ఒకడు పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, ఐదుగురు చనిపోయారు. అమిష్‌లు హంతకుడి భార్యని ఓదార్చారు, అతని అంత్యక్రియలకి వెళ్లారు. సినిమా మాత్రం క్షమించలేని ఒక తల్లిని కల్పించి కథ ఆమె చుట్టూ తిప్పింది. నిజంగా జరిగిన క్షమని నమ్మే ధైర్యం టీవీకి లేకపోయింది. టాక్స్ అధికారుల నుంచి పారిపోయి అమిష్ వేషం వేసే న్యూయార్క్ దంపతుల కామెడీ 'ఫర్ రిచర్ ఆర్ పూరర్' (1997) అయితే, అమిష్ జీవితాన్ని చికిత్సా కేంద్రంలా వాడుకుంది. వదిలేయండి.

నా ఓటు 'విట్‌నెస్'కే. లోపాలున్నా ఘర్షణని కథలోని కారణాల్లోనే చూపించింది, ఉపన్యాసంలో కాదు. అది చూశాక డాక్యుమెంటరీ చూడండి. 'విట్‌నెస్' పట్టించుకోని కుర్రకారు గొంతు అందులో వినిపిస్తుంది. ఇంట్లో పిల్లలుంటే మాత్రం జాగ్రత్త. 'విట్‌నెస్' మొదట్లోని హత్య భయంకరంగా ఉంటుంది, డాక్యుమెంటరీలో డ్రగ్స్ గురించి దాపరికం లేదు. రెండూ పెద్దవాళ్లు చూసేవే.