ముసలి ట్యూబ్ రైలెక్కాలంటే ఏ దీవి మేలు: వైటా, ఆల్డర్నీయా?

ట్యూబ్ అని పిలిచే లండన్ భూగర్భ రైలు పెట్టెలు రిటైరయ్యాక చాలావరకు పాత ఇనుము కిందే పోతాయి. కొన్ని మాత్రం సముద్రం దాటి చిన్న దీవుల్లో కొత్త ఉద్యోగం వెతుక్కున్నాయి. లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు పిల్లలకు చూపించాలనుకుంటే రెండు చోట్లున్నాయి. ఒకటి ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్. రెండోది ఫ్రాన్స్ ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఆల్డర్నీ.

వైట్‌కి ట్యూబ్ బళ్లు సరదా కోసం వెళ్లలేదు. రైడ్ ఊరి కింద ఉన్న సొరంగంలో వరద నీళ్ల బాధ తగ్గించడానికి పట్టాల మట్టం పెంచారు. దాంతో మామూలు రైలు పెట్టె సొరంగం పైకప్పుకి తగులుతుంది. అందులో పట్టేవి లండన్ ట్యూబ్‌ల గుండ్రటి పొట్టి పెట్టెలే. 1966 డిసెంబరుతో ఆవిరి ఇంజిన్లు ఆపేసి, పట్టాల పక్కన కరెంటు కోసం మూడో పట్టా వేసి, 1967లో వాటిని దింపారు. అప్పటికే అవి 1920లు, 30ల నాటివి! వాటి తర్వాత 1938 రకం వచ్చి 2021 జనవరి దాకా నడిచింది. 80 దాటిన బండిలో జనం రోజూ ఆఫీసులకు, బడులకు వెళ్లారన్నమాట. ఇప్పుడు తిరిగేవి లండన్ భూగర్భ రైళ్లలోనే డిస్ట్రిక్ట్ అనే లైన్ నుంచి వచ్చిన అల్యూమినియం పెట్టెలు. మోటార్లు, లోపలి సీట్లు కొత్తవి కాబట్టి పాత వాసన తక్కువే. రైడ్ పియర్ హెడ్ నుంచి షాంక్లిన్ దాకా ఎనిమిదిన్నర మైళ్లు. మొదట్లోనే సముద్రం మీద కట్టిన పొడవాటి వంతెన మీదుగా వెళ్తుంది, ఆ కాసేపటికే టికెట్ డబ్బులు గిట్టుబాటు.

ఆల్డర్నీ కథ వేరు. రేవులో అలలకు అడ్డుగోడ కట్టడానికి రాళ్లు మోయాలని 1847లో ఈ లైను వేశారు. 1854లో విక్టోరియా రాణి వస్తే, ఆమెను ఎక్కించిన బండిని గుర్రాలు లాగాయి. ఇప్పుడు బ్రే రోడ్ నుంచి మానెజ్ క్వారీ దాకా సుమారు రెండు మైళ్లు ఔత్సాహికులే నడుపుతున్నారు. పెట్టెలు 1959 రకం ట్యూబ్‌వి, రెండే రెండు. ఇంతకు ముందు 1938 రకం ఉండేవి, ఉప్పుగాలి వాటిని తినేసింది. ఇక్కడ మూడో పట్టా లేదు, కరెంటు లేదు. మోటార్లు నోరు మూసుకుని కూర్చుంటే ఎలిజబెత్ అనే చిన్న డీజిల్ ఇంజిన్ ఆ పెట్టెల్ని లాక్కెళ్తుంది. ట్యూబ్ బండి కదిలేటప్పుడు మోటార్లు చేసే ఆ మూలుగు కోసం వెళ్లినవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. కానీ భూమి కింద చీకట్లో తిరగాల్సిన కిటికీల్లోంచి గడ్డి మైదానం, లైట్‌హౌస్, సముద్రం కనబడడం మాత్రం విచిత్రమే. నాకైతే ఈ దృశ్యమే ఎక్కువ నచ్చుతుంది.

నచ్చడం వేరు, వెళ్లడం వేరు. ఆల్డర్నీకి చిన్న విమానం ఎక్కాలి, పొగమంచు పడితే అదీ టెన్షనే. పైగా రైలు వేసవిలో, అదీ ముఖ్యంగా వారాంతాల్లోనే. రెండు మైళ్ల రైలు కోసం అంత ఖర్చా అని ఇంట్లో అడిగితే జవాబు లేదు. దగ్గర్లోని గెర్న్సీ దీవికి ఎలాగూ వెళ్తుంటే కలుపుకోండి, అంతే. వైట్‌కైతే లండన్ వాటర్లూలో రైలెక్కి పోర్ట్స్‌మత్ హార్బర్‌లో దిగి, ఫెర్రీలో 20 నిమిషాలు పైచిలుకు కూర్చుంటే చాలు. ఒక్క టికెట్ మీదే మొత్తం దారి. ఉదయం వెళ్లి రాత్రికి ఇంటికి చేరొచ్చు.

కాబట్టి పిల్లలతో అయితే వైటే. కొత్త సీట్లు చూసి మోజు తీరలేదంటారా, షాంక్లిన్ దారిలోని స్మాల్‌బ్రూక్ జంక్షన్‌లో దిగి, వేరే లైనులో ఇప్పటికీ తిరిగే ఆవిరి బండికి మారండి. అక్కడ 1891 నాటి కాల్‌బోర్న్ ఇంజిన్ ఉంది, దారిలో వచ్చే హేవెన్‌స్ట్రీట్‌లో ఒక 1938 ట్యూబ్ సెట్టునీ దాచారు. ఒక్క మాట: స్మాల్‌బ్రూక్‌కి రోడ్డు లేదు, ఆవిరి బండి తిరగని రోజు అక్కడ ఏ రైలూ ఆగదు. టైంటేబుల్ చూసుకునే బయల్దేరండి.