యూనియన్ బ్యాడ్జీ: డ్యూటీ కోటు మీదా, గేటు బయటా?

తిరుపతి ప్లాట్‌ఫారం మీద టికెట్లు తనిఖీ చేసే టీటీఈని జనం గుర్తుపట్టేది నల్లకోటు, పేరు పట్టీ చూసే. పక్కనే యూనియన్ బ్యాడ్జీ కూడా ఉంటే, కొత్తగా చేరిన కుర్రాడికి తన కష్టం ఎవరితో చెప్పుకోవాలో తెలుస్తుంది. అది చిన్న ధైర్యం కాదు. కానీ కొండకు వచ్చిన ముసలావిడకు రెండు బిళ్లల్లో అధికారం దేనిదో ఎలా తెలుస్తుంది? పైగా రైల్వేలో యూనియన్ ఒక్కటే కాదు. ఏ యూనియన్‌కు రైల్వే గుర్తింపు దక్కాలో తేల్చే ఎన్నికలు 2024 డిసెంబరులో రహస్య ఓటుతో జరిగాయి. ఓటు రహస్యమైనప్పుడు, ఫలానా గుర్తు గుండెకు తగిలించుకోమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు.

డ్యూటీ దిగాక, గేటు బయట యూనియన్ పెట్టే గేట్ మీటింగులో బ్యాడ్జీ పెట్టుకుంటే ఈ చిక్కులేవీ ఉండవు. మామూలు రోజుల్లో నేను దీనికే ఓటేస్తాను.

నిరసన రోజు కట్టే నల్లబ్యాడ్జీ మాత్రం వేరు. రైలు ఆగకుండానే మాట వినిపించాలంటే అది డ్యూటీలోనే కనబడాలి.