రెండు రోజుల విశాఖ: అరకు మానేశాం, భీమిలి రోడ్డు పట్టాం

గోదావరి ఎక్స్‌ప్రెస్ కాజీపేట దాటకముందే గొడవ మొదలైంది. మేం ఐదుగురం. రెండేళ్ల కిందట ఒక ట్రెక్కింగ్‌లో పరిచయమై, అప్పట్నుంచి వీలు చిక్కినప్పుడల్లా కలిసి తిరుగుతున్నాం. ఇద్దరు అరకు అన్నారు, ఇద్దరం బీచ్ అన్నాం, అందరికంటే పెద్దవారైన బ్యాంకు మేనేజరు గారు "ముందు నిద్రపోనివ్వండి" అన్నారు. తగవు తీర్చింది విశాఖ స్టేషన్ బయట ఆటో అతను. "ఏటండీ, రెండ్రోజులకి అరకా? ఎల్లిరాడానికే ఓ రోజైపోద్ది" అన్నాడు. నిజమే, రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాటే, అందులోనూ ఘాట్ రోడ్డు. అరకు, బొర్రా గుహలకు విడిగా రెండు రోజులు పెట్టుకోండి.

ఇక గది సంగతి. యాప్‌లో 'సీ వ్యూ' అని చూసి బీచ్ రోడ్డు పక్కన బుక్ చేశాం. రైలు పొద్దున్నే దింపేస్తుంది, చెక్ఇన్ మధ్యాహ్నం 12కి. త్వరగా వస్తామని ముందురోజు ఫోన్ చేస్తే సరేనన్నారు. తీరా వెళ్లాక కౌంటర్లో కుర్రాడికి ఆ సంగతే తెలియదు, సగం రోజు అద్దె అదనంగా అడిగాడు. బేరం కుదరక, సామాను అక్కడే పడేసి టిఫిన్‌కి పోయాం. మధ్యాహ్నం గది తెరిస్తే సముద్రం కనిపించింది, కాదనను. బాల్కనీ చివర నిలబడి మెడ ఎడమకు తిప్పితే, రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి! పరుపులు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ బాగుంది. మళ్లీ వెళ్తే మాత్రం ద్వారకానగర్ వైపే దిగుతాను. బస్టాండు పక్కనే, హోటళ్లకు కొదవ లేదు, బీచ్‌కి ఆటో ఎక్కితే సరి.

సాయంత్రం కురుసురా చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో రిటైరైన జలాంతర్గామిని మరుసటి ఏడాది ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టారు. పొడవు 91 మీటర్లు, కానీ లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తుకోవాల్సిందే. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. టార్పెడోల పక్కనే సిబ్బంది పడుకునే ఇరుకు బెర్తులు చూశాక మా మేనేజరు గారు గది మీద ఫిర్యాదులు ఆపేశారు. శనివారం కాబట్టి వెనక జనం తోస్తూనే ఉన్నారు. సోమవారం సెలవని గుర్తుపెట్టుకోండి. ఎదురుగా మ్యూజియంగా పెట్టిన టీయూ-142 అనే నౌకాదళ విమానం కూడా చూశాం, టైం ఉంటేనే వెళ్లొచ్చు. తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్. మరమరాల్ని ఇక్కడ మురీ అంటారు. నీళ్లలోకి మాత్రం దిగలేదు, ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి.

అసలు ట్రిప్ ఆదివారమే. రోజంతటికీ కారు మాట్లాడుకుని భీమిలి రోడ్డు పట్టాం. 2020లో బ్లూఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన రుషికొండ బీచ్‌లో అరగంట ఆగాం. శుభ్రంగా ఉంది, కానీ సెలవు రోజు రద్దీ. తొట్లకొండ ఎక్కేసరికి ఆ సందడంతా కిందే ఉండిపోయింది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. స్తూపం, భిక్షువుల గదుల పునాదులు, ఎదురుగా మొత్తం సముద్రం. సీ వ్యూ అంటే ఇదీ! పైన నీడ తక్కువ, నీళ్ల సీసాలు, టోపీ తప్పనిసరి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర బండి దిగగానే అందరం మాటలు మానేశాం. సముద్రం ముందుకొస్తూ వెనక్కెళ్తూ ఉండగా, గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లపాటు పేరుకుని, లోపలి ఇనుము వల్ల ఎర్రబడి, వానలకు కోసుకుపోయి గల్లీలైంది. మనిషికంటే ఎత్తైన ఆ గోడల మధ్య దారి తప్పడం సులువు. మేం తప్పాం కూడా, ఇరవై నిమిషాలు ఒకే జీడిమామిడి చెట్టు చుట్టూ తిరిగాం. గోడలెక్కి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండింది. కాలు పెట్టిన చోటల్లా మట్టి రాలుతోంది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు గేటు బయటినుంచే చూశాం, తాళం వేసి ఉంది. ఒడ్డున చిన్న హోటల్లో వంజరం వేపుడు, చేపల పులుసు అదిరిపోయాయి. వడ్డించడానికి గంట పట్టిందంతే. ఆ గంటే కొంప ముంచింది. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు ట్రాఫిక్కులో డ్రైవర్ ఏదో అడ్డదారి పట్టబట్టి సరిపోయింది గానీ, రైలు కదలడానికి పన్నెండు నిమిషాల ముందు స్టేషన్‌లో పడ్డాం, ఎర్రమట్టి బూట్లతోనే.