ఎక్సెల్‌లో అంకెల అలైన్‌మెంట్: ఆరేళ్లు వాడాక

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి, వేరుశనగ మండీ లెక్కలకు ఆరేళ్లుగా రోజూ వాడుతున్నది ఎక్సెల్ 2016. అందులో బాగా నచ్చింది ఎవరూ పట్టించుకోని సంగతే. మనం ఏమీ ముట్టుకోకపోతే అంకె కుడికి, అక్షరం ఎడమకు పోతుంది. బస్తాల కాలమ్‌లో ఒక 48 ఎడమకు అతుక్కుని కనపడిందంటే అది అంకె వేషం వేసిన అక్షరం. సమ్ ఫార్ములా దాన్ని వదిలేస్తుంది, వదిలేశానని చెప్పదు కూడా. హమాలీ కూలి దగ్గర లెక్క తేడా వచ్చేదాకా తెలియదు.

అందుకే చూడ్డానికి బాగుంటుందని అంకెల కాలమ్‌ను సెంటర్ చేయొద్దు. ఆ గుర్తు కాస్తా పోతుంది. అక్షరంగా పడిన అంకెలను సరిచేయడం సులువే: కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్, వెంటనే ఫినిష్. అప్పటికీ కుడికి రాకపోతే వెబ్ పేజీ నుంచి కాపీ అయిన కనపడని ఖాళీ ఉండి ఉండొచ్చు. దాన్నే కాపీ చేసి, కంట్రోల్ హెచ్ నొక్కితే వచ్చే ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పేస్ట్ చేసి తీసేయాలి.

తూకాలకు 0.00 ఫార్మాట్ చాలు, చుక్కలన్నీ ఒకే గీతలో నిలబడతాయి. 0.?? పెడితే వెనక సున్నాలు రావు గానీ, 12 క్వింటాళ్లు '12.' అని చుక్క వేలాడేసుకుని కూర్చుంటుంది.

లక్షల కామా ఎక్సెల్ బలహీనత. 12,34,567 అని రావాలంటే విండోస్ రీజియన్‌లో ఇంగ్లీష్ ఇండియా ఉండాలి. అదే ఫైల్ అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 1,234,567 అయిపోతుంది. షరతులతో రాసే కస్టమ్ కోడ్ ఎక్కడైనా పనిచేస్తుంది, కానీ మైనస్ బాకీలకు మళ్లీ మిలియన్ల కామానే వేస్తుంది.

బ్యాంకు ఖాతా నంబర్లకు టైప్ చేయకముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి. లేదంటే ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెల తర్వాతవి సున్నాలవుతాయి. ఆ తర్వాత ఫార్మాట్ మార్చినా పోయినవి తిరిగి రావు. ####లకు మాత్రం భయపడక్కర్లేదు, చాలాసార్లు కాలమ్ ఇరుకైంది, అంతే.

సెల్స్‌ను ఒకటిగా కలిపేసే మెర్జ్ అండ్ సెంటర్ బటన్ లేకపోయినా నష్టం లేదు. మధ్యలో ఒక్క మెర్జ్ సెల్ ఉన్నా సార్టింగ్ ఆగిపోతుంది. హెడ్డింగ్‌కు కంట్రోల్ 1, అలైన్‌మెంట్, హారిజాంటల్‌లో సెంటర్ అక్రాస్ సెలెక్షన్ పెడితే కంటికి అదే రూపం, సెల్స్ వేటికవే ఉంటాయి.

తెలుగు పేర్లకు రో ఎత్తు 15 దగ్గర బిగించి ఉంటే 'ఓర్వకల్లు' లాంటి పేర్లలో వత్తులు కింద తెగిపోతాయి. 21 పెట్టి, నిలువుగా మిడిల్ అలైన్ చేస్తే ప్రింట్‌లోనూ నిండుగా వస్తాయి.