మా ఆఫీసులో పన్నెండేళ్లుగా నడుస్తున్న లాగాన్ స్క్రిప్ట్: నా సమీక్ష

విజయవాడలో మా ఆఫీసులో ఎనభై దాకా కంప్యూటర్లు ఉన్నాయి. 2013లో నేను సిస్టమ్స్ చూసుకోవడానికి చేరేనాటికి నెట్‌వర్క్ డ్రైవ్‌లు ఒక్కో కంప్యూటర్ దగ్గర కూర్చుని చేత్తో మ్యాప్ చేసినవే, అంటే సర్వర్‌లోని ఫోల్డర్‌కి ఒక అక్షరం ఇచ్చి డ్రైవ్‌లా కనిపించేలా పెట్టినవే. అకౌంట్స్‌లో ఒకరికి షేర్ ఫోల్డర్ ఎస్ డ్రైవ్‌గా కనిపిస్తే, పక్క సీటు మేడమ్‌కి అదే ఫోల్డర్ ఎక్స్‌గా కనిపించేది. "ఎస్‌లో పెట్టాను, చూడండి" అని ఫోన్ చేస్తే అవతల ఎస్సే ఉండదు. ఒక ఎక్సెల్ ఫైలు నుంచి ఇంకో ఫైలుకి ఇచ్చిన లింకులు ఒకరి దగ్గర పనిచేసి మరొకరి దగ్గర తెగిపోయేవి. నెలాఖరులో ఇదో పెద్ద టెన్షన్.

అందుకే లాగాన్ స్క్రిప్ట్ పెట్టాను. యూజర్ లాగిన్ కాగానే దానంతటదే నడిచే కమాండ్లతో, నోట్‌ప్యాడ్‌లో రాసిన చిన్న బ్యాచ్ ఫైలు అది. దాన్ని డొమైన్ కంట్రోలర్‌లోని (ఆఫీసు యూజర్ల లాగిన్‌లు చూసుకునే సర్వర్) నెట్‌లాగాన్ అనే షేర్ ఫోల్డర్‌లో పెట్టి, యూజర్ అకౌంట్ ప్రొఫైల్ ట్యాబ్‌లో ఫైలు పేరు రాస్తే చాలు. ఆ యూజర్ ఆఫీసులో ఏ సిస్టమ్ మీద లాగిన్ అయినా అవే డ్రైవ్‌లు, అవే అక్షరాలు. రెండో డొమైన్ కంట్రోలర్ ఉంటే ఫైలు దానికి కూడా దానంతటదే చేరుతుంది. వారం తిరిగేసరికి డ్రైవ్‌ల గురించి వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి.

మొదటి చిక్కు సర్వర్ మార్చినప్పుడు వచ్చింది. స్క్రిప్ట్‌లో కొత్త సర్వర్ పేరు రాశాను. అయినా సగం మందికి పాత డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు. స్క్రిప్ట్‌ని చేత్తో నడిపి చూస్తే ఎర్రర్ 85, అంటే ఆ అక్షరం ఇప్పటికే వాడుకలో ఉందని. పాత మ్యాపింగ్‌లను విండోస్ గుర్తుపెట్టుకుని లాగిన్ కాగానే మళ్లీ తెస్తోంది. అప్పటి నుంచి రెండు పనులు తప్పకుండా చేస్తున్నాను. నెట్ యూజ్ కమాండ్‌తో ముందు ఆ అక్షరాన్ని డిలీట్ చేస్తాను, తర్వాత విండోస్ గుర్తుపెట్టుకోకుండా పర్సిస్టెంట్ నో అని పెట్టి మ్యాప్ చేస్తాను. డిలీట్ దగ్గర అక్షరం బదులు నక్షత్రం గుర్తు (*) మాత్రం వాడకండి, యూజర్ సొంతంగా పెట్టుకున్న డ్రైవ్‌లు కూడా పోతాయి. మన అక్షరాలు ఏవో అవే రాయండి. ఆ తర్వాత డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ (షేర్ ఫోల్డర్లకు సర్వర్‌తో సంబంధం లేని పేరు ఇచ్చే విండోస్ సదుపాయం) పెట్టుకున్నాం. స్క్రిప్ట్‌లో సర్వర్ పేరు బదులు డొమైన్ పేరుతో దారి ఉంటుంది కాబట్టి వెనక సర్వర్ మారినా ఫైలు ముట్టుకోనక్కర్లేదు.

స్క్రిప్ట్‌ని ప్రొఫైల్ ట్యాబ్ నుంచి గ్రూప్ పాలసీకి (అన్ని కంప్యూటర్ల సెట్టింగులు ఒకేచోట నుంచి పెట్టే పద్ధతి) మార్చినప్పుడు ఇంకోటి ఎదురైంది. కొత్తగా వచ్చిన విండోస్ 8.1 సిస్టమ్స్‌లో లాగిన్ అయిన అయిదు నిమిషాలకి గానీ డ్రైవ్‌లు రావడం లేదు. రెండు రోజులు కేబుళ్లు, స్విచ్, డీఎన్ఎస్ అన్నీ చూశాను. చివరికి తేలిందేమిటంటే, ఆ వెర్షన్ నుంచి గ్రూప్ పాలసీ లాగాన్ స్క్రిప్ట్‌లు అయిదు నిమిషాలు ఆగి నడవడమే డిఫాల్ట్. కాన్ఫిగర్ లాగాన్ స్క్రిప్ట్ డిలే అనే పాలసీని డిజేబుల్ చేస్తే వెంటనే నడుస్తుంది. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2020 లాక్‌డౌన్‌లో అందరూ ల్యాప్‌టాప్‌లు ఇళ్లకు తీసుకెళ్లారు. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్‌ని ఆన్ చేసేది లాగిన్ అయ్యాక కదా. స్క్రిప్ట్ నడిచే సమయానికి ఆఫీసు నెట్‌వర్కే ఉండదు. అదే బ్యాచ్ ఫైలుని డెస్క్‌టాప్ మీద పెట్టి, "వీపీఎన్ కలిపాక దీని మీద డబుల్ క్లిక్ చేయండి" అని అందరికీ చెప్పాం. కంప్యూటర్ అంతంతమాత్రం తెలిసినవాళ్లు కూడా చేసుకోగలిగారు. స్క్రిప్ట్ మీద నాకు నమ్మకం బాగా పెరిగింది అప్పుడే.

గ్రూప్ పాలసీలోనే డ్రైవ్‌లు మ్యాప్ చేసే ప్రిఫరెన్సెస్ భాగం ఉండగా ఇంకా స్క్రిప్ట్ ఎందుకని మా కుర్రాళ్లు అడుగుతారు. విండోస్ సర్వర్ 2008తో వచ్చిన ఆ పద్ధతి నిజంగా మంచిదే. హెచ్ఆర్ గ్రూపులో ఉన్నవాళ్లకే హెచ్ఆర్ డ్రైవ్ రావాలంటే ఐటమ్ లెవెల్ టార్గెటింగ్‌లో గ్రూపు పేరు ఎంచుకుంటే సరిపోతుంది. బ్యాచ్ ఫైలులో అదే పనికి ఇఫ్‌మెంబర్ లాంటి వేరే టూల్ తెచ్చుకోవాలి. అందుకే డిపార్ట్‌మెంట్ డ్రైవ్‌లన్నీ అటు మార్చేశాను. అక్కడ రిప్లేస్ బదులు అప్‌డేట్ పెట్టుకోండి. రిప్లేస్ అయితే ఉన్న డ్రైవ్‌ని తీసేసి మళ్లీ పెడుతుంది. అందరికీ ఉండే రెండు డ్రైవ్‌లు మాత్రం స్క్రిప్ట్‌లోనే ఉంచాను. నేను సెలవులో ఉన్నా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదివి అర్థం చేసుకోవచ్చు.

బ్యాచ్ ఫైలులో పాస్‌వర్డ్ మాత్రం ఎప్పుడూ రాయకండి. నెట్‌లాగాన్ షేర్‌ని డొమైన్‌లో ఉన్న ఏ యూజర్ అయినా తెరిచి చదవగలరు. మీ స్క్రిప్ట్ వీబీస్క్రిప్ట్ అనే పాత స్క్రిప్టింగ్ భాషలో ఉంటే ఇప్పుడే మార్చుకోండి. దాన్ని విండోస్ నుంచి క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కమాండ్ల కంటే ముందు ఏ అక్షరం దేనికో ఒక కాగితం మీద రాసుకోండి. పెన్‌డ్రైవ్‌లు, కార్డ్ రీడర్లు ఈ, ఎఫ్, జీ లాంటి అక్షరాలు తీసేసుకుంటాయి. మేం పీ నుంచి మొదలుపెట్టాం. పీ అందరిది, ఎస్ స్కాన్ చేసిన బిల్లులది. పన్నెండేళ్లలో సర్వర్ రెండుసార్లు మారింది, ఆ రెండక్షరాలు మారలేదు.